పెద్దన్న కదలడు

నమోదు 1
కదలని గుర్తు: పెద్దన్న కొండ.

కొత్తరేవు కదలికల కేంద్రంలో తూర్పు వరస కెమెరాలు ఇవాళ్టి నుంచి నా బాధ్యత. నా పేరు మైలపల్లి నూకరత్నం. రోజువారీ నమోదు అంకెల్లో కాక మాటల్లో రాయాలని ఇక్కడి నియమం. మహాకంపానికి ముందు యంత్రాలు అన్నీ సరిగ్గానే నమోదు చేశాయట. అంతా అంకెలే కావడంతో ఎవరూ చదవలేదట. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. రాయమంటే కాస్త ఎక్కువే రాస్తాను. పైవాళ్లు మన్నించాలి.

పొద్దున చిన్న కంపం వచ్చింది. టీ కొట్టు కెమెరాలో గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. మంగలి షాపు కెమెరాలో గడ్డం గీయించుకుంటున్న ఆయన కత్తి కింద నుంచి మెడ పక్కకు తీసుకున్నాడు. ఈ కెమెరాలేవీ మావి కావు. దొంగల కోసం, కుక్కల కోసం ఎవరికి వాళ్లు పెట్టుకున్నవి. వాటిలో మనుషుల వెనక ఎక్కడో ఒక మేడ అంచు, ఒక కిటికీ మూల కనిపిస్తుంది. మాకు కావలసింది అదే. ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య ఆ అంచు ఎంత జరిగిందో చూసి, మేడ ఎంత ఊగిందో లెక్క కడతాం.

కాని కంపంలో కెమెరా కూడా ఊగుతుంది కదా. అందుకని ప్రతి బొమ్మనీ ముందు పెద్దన్న మీది సున్నపు గుర్తుకు బిగిస్తాం, అంటే గుర్తు ఎప్పుడూ తెర మీద ఒకే చోట ఉండేలా బొమ్మను జరుపుతాం. ఊరికి పడమట పెద్దన్న కొండ, కొండ ముఖాన రెండంతస్తుల ఇల్లంత తెల్లటి కూడిక గుర్తు. ఊళ్లో ఎక్కడ నిలబడినా కనిపిస్తుంది. ముందు పెద్దన్నను నిలబెట్టు, తర్వాత ఊరిని చూడు: శిక్షణలో నేర్పిన మొదటి పాఠం ఇది.

ఇవాళ ఏడో మేడ జానెడు ఊగి తన చోటికి తాను వచ్చింది. పన్నెండో మేడ ఊగి, వెనక్కి రాకుండా కాస్త పక్కకే ఉండిపోయింది. కబురు పంపాం. వెంటనే గుమ్మానికి అడ్డంగా సున్నపు గీత పోశారు. పోసిన గీతను కొత్తరేవులో ఎవరూ దాటరు. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నా సరే, లోపల పెళ్లి నగలున్నా సరే.

కంపం ఆగాక కూడళ్లలో జనం తెరల ముందు గుమిగూడారు. ఊగడాన్ని వెయ్యింతలు పెంచి ఆ తెరల మీద చూపిస్తాం. మేడలు దీపం వత్తుల్లా అటూ ఇటూ వంగుతుంటే ఈలలు, కేకలు.

"చూడు రత్నం, ఎవరి ఇల్లు ఎక్కువ ఊగితే వాళ్లకి అంత గొప్ప" అంది పక్క కుర్చీలోని షకీలా. పడమటి వరస తనది. నాకంటే నాలుగేళ్లు ముందు చేరింది. "మా అత్తగారైతే మన మేడ ఊగలేదేమే, నువ్వు సరిగ్గా చూపించలేదా అని నా మీద అలిగింది."

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఈ ఏడు సున్నాల పండగకి మొదటి కుండ అమ్మదట. కొండ మీది గుర్తుకి ఏటా అందరూ సున్నం మోసుకెళ్లి కొత్త పూత వేస్తారు. మొదటి కుండ ఎప్పుడూ మేడల వాళ్లదే. ఎండుచేపల దిబ్బ మీద పనిచేసే మనిషికి దక్కడం ఇదే మొదలు.

"నానేటి సేసేనే? నువ్వు పెద్దన్న కొలువులో సేరేవని ఇచ్చేరు" అంది అమ్మ. ఆ మాట అన్నాక చాలాసేపు పొయ్యి వెలిగించడం కూడా మరిచిపోయింది.

నమోదు 2
కదలని గుర్తు: పెద్దన్న కొండ.

కంపం లేదు. అయినా మేడలు కదిలాయి.

ఊగలేదు. పక్కకు ఒరగలేదు. పైకి లేచాయి. తూర్పు వరసలోని మేడలన్నీ నిన్నటి కంటే వెంట్రుకంత పైన ఉన్నాయి.

షకీలాని పిలిచి చూపించాను. "ఎండ" అంది. "ఎండకి గాలి వణుకుతుంది, బొమ్మ లేచినట్టు కనిపిస్తుంది. తెల్లారిన వెంటనే తీసిన బొమ్మలు చూడు." చూశాను. అందులోనూ లేచాయి. తన పడమటి వరస తెరిచి చూసుకుంది. అక్కడా అంతే. "పండగ దగ్గర పడింది కదా" అంది చివరికి. "గుర్తు మీది సున్నం పెచ్చులు రాలి అంచు మారి ఉంటుంది. పండగయ్యాక దిద్దుబాటు చేస్తాంలే."

పండగ దిద్దుబాటు అంటే ఇది: కొత్త సున్నం పడ్డాక గుర్తు అంచులు ఏటా కాస్త మారతాయి కాబట్టి, మరుసటి రోజు అన్ని లెక్కలూ సున్నా చేసి మళ్లీ మొదలుపెడతారు.

"పోయిన ఏడాది దిద్దుబాటు ఎటువైపు వచ్చింది?" అని అడిగాను.

"ఎవరు దాచారు? సున్నా చేశాక పాతది ఎందుకు?"

నమోదు 3
కదలని గుర్తు: పెద్దన్న కొండ.

మేడ ఊగితే పై అంతస్తు ఎక్కువ కదులుతుంది, కింద తక్కువ. ఇక్కడ అలా లేదు. పై అంతస్తు ఎంత లేచిందో కింది అంతస్తూ అంతే లేచింది. పక్కనున్న కరెంటు స్తంభం కూడా. టీ కొట్టు బల్ల కూడా. బస్టాండు కెమెరాలో షెడ్డు కింద ఒక గోధుమరంగు కుక్క రోజూ పడుకుంటుంది. దాని కింద నేల మీద ఒక పగులు ఉంది. పగులు లేచింది. కుక్క నిద్రలో ఉండగానే దానితోపాటు లేచింది.

ఊరు ఊరంతా, ఏమీ చిందకుండా, ఎవరూ మేలుకోకుండా, నెమ్మదిగా ఆకాశం వైపు వెళుతోంది. మధ్యాహ్నం దాకా ఆ తెర ముందే కూర్చున్నాను. ఒకసారి నా కుర్చీ కింద నేలను అరికాలితో తొక్కి చూసుకున్నాను కూడా.

నమోదు 4
కదలని గుర్తు: పెద్దన్న కొండ.

ఇది ఇంటి సంగతి. కాని ఇక్కడే రాయాలి.

మా గోడ మీద నా బడి ఫొటోలు వరసగా ఉంటాయి. ప్రతి ఏడూ తరగతి మొత్తాన్నీ జెండా కర్ర దగ్గర నిలబెట్టి తీసినవి. ఫొటో తీసే ఆయన ఎప్పుడూ గేటు పక్కనున్న అదే సిమెంటు దిమ్మ ఎక్కి తీసేవాడు. ఒక్క ఏడు కూడా మానకుండా అమ్మ వాటికి పటాలు కట్టించింది. ఇవాళ అన్నం తింటూ తలెత్తి చూశాను.

ఒకటో తరగతి ఫొటోలో జెండా కర్ర కొన, దూరంగా కనిపించే పెద్దన్న గుర్తుకి బాగా కింద ఉంది. నాలుగులో దగ్గరికి వచ్చింది. ఏడులో గుర్తు అడుగును తాకింది. పదిలో గుర్తు మధ్యగీత మీద ఉంది. ఒక్క ఫొటో అయితే దిమ్మ మీద ఆయన కాలి వేళ్ల మీద లేచాడనుకునేదాన్ని. అన్నీ ఒకే వైపు.

జెండా కర్ర పెరగలేదు. దాని కింద మేం పెరిగాం, అంతే.

మరి ఊరు లేవకపోతే దిగుతున్నది ఏమిటి? ఆ మాట మనసులో అనుకోవడానికి కూడా నాకు చాలాసేపు పట్టింది. మా ఇళ్ల గుమ్మాలన్నీ పెద్దన్న వైపే. పురుడు పోసుకున్న తల్లి మొదట బిడ్డను చూపించేది పెద్దన్నకే. మహాకంపంలో మేడలు కూలి, కూలిన వాటి మీదకి సముద్రం వచ్చినప్పుడు, మిగిలినవాళ్లు పెద్దన్న మీది రాతి తిన్నెలు ఎక్కినవాళ్లే. మా అమ్మ వాళ్లలో ఒకతె. అప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను.

"అమ్మా, గుర్తుకి ఏటా ఒకే అంత సున్నం పడుతుందా?"

"ఎక్కడే! ఏటికేడూ ఎక్కువే. గుర్తు ఎనకాల రాతిలో నోరున్నాది కదా. ముందల ఏలు పట్టేది కాదు, ఇప్పుడు సెయ్యి దూరుద్ది. ముందు దానికి పోసేకే గుర్తుకి పూత్తాం. కుండకి కుండ తాగీసి ఇంకా అంటన్నాడు." అమ్మ నవ్వింది. "తాగినేడల్లా సల్లగా సూత్తాడు."



నమోదు 5
కదలని గుర్తు: పెద్దన్న కొండ. (నియమం ప్రకారం రాశాను.)

మా కెమెరాలన్నీ కొండకే బిగించి ఉన్నాయి. కొండను కొలవాలంటే కొండ కానిది కావాలి. ఊళ్లో ఒక్క కెమెరాకే అది దొరుకుతుంది. ఎండుచేపల దిబ్బ మీద కాకుల కోసం ఆడవాళ్లు కొనుక్కున్న కెమెరా. దిబ్బ ఊరికి దూరంగా దక్షిణపు కొసన ఉంది. అక్కడి నుంచి చూస్తే ఎడమ చివర పెద్దన్న, కుడి చివర సముద్రంలో రాతి మీద నిలబడ్డ పాత దీపస్తంభం. వాసన వస్తుందని మా కేంద్రం వాళ్లెవరూ అక్కడికి పోయి ఆ కెమెరాని వరసలో కలపలేదు.

పొద్దున్నే వెళ్లి అందులో ఉన్న వారం రోజుల బొమ్మలూ తెచ్చుకున్నాను. దిబ్బ మీది ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టి, "ఏటమ్మా పెద్ద ఆఫీసరూ, కాకుల లెక్క కావాలేటి?" అని ఏడిపించారు.

బొమ్మను దీపస్తంభానికి బిగించి, కదలికను వెయ్యింతలు పెంచాను.

ఊరు నిలబడి ఉంది. మేడలు, స్తంభాలు, షెడ్లు, దేని చోటున అది.

పెద్దన్న వంగుతున్నాడు. గుర్తు దగ్గర కిందికి జారుతూ, తిన్నెల దగ్గర ముందుకు ఉబ్బుతున్నాడు. కూర్చున్న మనిషి లేవడానికి మోకాళ్ల మీద బరువు వేసినట్టు. వారం రోజుల్ని నిమిషంలోకి కుదించాను కాబట్టి అలా కనిపిస్తోందని నాకు తెలుసు. అయినా తెర మీద ముఖం లేని ఆ తెల్లటి గుర్తు ఊరి మీదకి మెల్లగా తల వంచుతుంటే నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. నా వెనక నిలబడ్డ షకీలా, "ఆపెయ్" అంది. ఆపాను. "మళ్లీ పెట్టు" అంది.

రెండోసారి చూశాక మెల్లగా అడిగింది. "ఆఖరి రెండు రోజుల్లో వేగం పెరిగిందా?"

పెరిగింది.

నమోదు 6
కదలని గుర్తు: పెద్దన్న కొండ.

మా అధికారి జగన్నాథ పట్నాయక్ గారికి చూపించాను. ఆయన చెడ్డవారు కాదు. అది ముందు రాయాలి. బొమ్మను మొదటి నుంచి చివరిదాకా చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఆ దీపస్తంభం నిలబడిందే నీళ్లలో. అది కదలదని నీకేం నమ్మకం?"

"ఊరూ అదీ ఒకదానికొకటి కదలడం లేదు సార్. కొండ ఒక్కటే..."

"అమ్మా నూకరత్నం." ఆయన గొంతు తగ్గింది. "మహాకంపం రోజు ఈ చేతులతో ఎనిమిది మంది పిల్లల్ని ఆ తిన్నెల మీదకి ఎక్కించాను. కింద ఉన్న మా వాళ్లు పోయారు. నా కాళ్ల కింద కదలనిది ఆ రోజు అదొక్కటే. కాకుల కెమెరా చూపించి అది కదులుతోందని ఊరికి చెప్పమంటావా?"



"పండగ కానీ. దిద్దుబాటు చేశాక కూడా ఇలాగే ఉంటే ఊరి సంఘం ముందు పెడదాం."

దిద్దుబాటు చేస్తే ఇలా ఉండదు. సున్నా అవుతుంది. ఏటా అయినట్టే.

బయటికి వచ్చాక షకీలా నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది. "నువ్వొకటి మరిచిపోయావు పిల్లా. బూర."

నిజంగానే మరిచిపోయాను. మేడలన్నిటి కదలిక ఎర్రగీత దాటితే పెద్ద బూర దానంతట అదే మోగుతుంది. దాన్ని ఆపే మీట లేదు. మహాకంపంలో మీట మీద చెయ్యి పెట్టి ఒక మనిషి తటపటాయించాడని, తర్వాత మనిషి చేతికి దాన్ని ఇవ్వలేదు. బూర మోగితే ఊరంతా ఎక్కడికి వెళుతుందో కొత్తరేవులో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

కొండ దిగేకొద్దీ మా లెక్కలో ఊరు లేస్తుంది. ఊరు లేచి ఎర్రగీత దాటగానే బూర మోగుతుంది. బూర మోగగానే జనమంతా కొండ ఎక్కుతారు.

"అదే పిలుచుకుంటోంది" అంది షకీలా. నవ్వబోయింది కాని నవ్వు రాలేదు.

నమోదు 7
కదలని గుర్తు: పెద్దన్న కొండ.

పండగ రేపు. ఎర్రగీతకీ మాకూ మధ్య మిగిలింది చాలా కొంచెం. దీపస్తంభానికి బిగించమని పైకి మూడుసార్లు విన్నపం పంపాను. గుర్తు మార్చే అధికారం సంఘానిది. సంఘం వాళ్లంతా పండగ పనుల్లో ఉన్నారు. నా చేతిలో ఉన్నవి కూడళ్లలోని తెరలు మాత్రమే.

అమ్మ మధ్యాహ్నం నా కోసం కేంద్రానికి వచ్చింది. చేతిలో సీసా. అందులో పాలలాంటి నీళ్లు.

"కొండ మెట్ల కింద ఊటలో తెల్లగా వత్తన్నాదే! పెద్దన్న పాలిచ్చేడని అందరూ బిందెలట్టుకుని ఎగబడతన్నారు. నీకోసం పట్టుకొచ్చేను. కల్లకద్దుకో."

సీసా మూత తీసి వాసన చూశాను. వేలికి రాసుకుంటే జిడ్డుగా, తర్వాత మంటగా ఉంది. సున్నం. ఏళ్ల తరబడి పైన నోట్లో పోసినది. కొండ లోపల ఆ చివరి నుంచి ఈ చివరిదాకా దారి తెరుచుకుంది.

"అమ్మా, ఇది తాగకు. ఎవరినీ తాగనివ్వకు. రేపు కొండ ఎక్కకు."

నెమ్మదిగా, ఒక్కొక్కటే చెప్పాను. ఫొటోలు, కుక్క, కెమెరా. అమ్మ అంతా విని, చీర కొంగు దులుపుకుని లేచింది.

"మొదటి కుండ నాకు ఒచ్చీసరికి నీకు కొండ కదిలిందేటి?"

"అదేం మాట అమ్మా!"

"మరేటి? మా అమ్మ మోసింది కాదు, మా అత్త మోసింది కాదు. సేపల కంపు కొడతాదని మమ్మల్ని తిన్నెల మీద కూడా కింది వరసలో కూకోబెట్టీవోరు. నీ సదువు వల్ల నాకొచ్చింది. నీ సదువే లాగేసుకుంటాదా?" గుమ్మం దగ్గర ఆగింది. "సదివేవు, మంచిదే. పెద్దన్న మీద ఏలెత్తకు."

సీసా ఇక్కడే వదిలేసి వెళ్లింది. అడుగున తెల్లటి మడ్డి పేరుకుంది.

దిబ్బ మీది ఆడవాళ్లకి మాత్రం ఫోన్ చేసి, రేపు దిబ్బ గేట్లు తెరిచి పెట్టమన్నాను. ఎందుకని అడగలేదు. "కాకులొత్తాయేటి?" అన్నారు.

నమోదు 8
కదలని గుర్తు: పెద్దన్న కొండ.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున్నుంచే మెట్ల కింద జనం. కొబ్బరికాయల కొట్టు కెమెరాలో అమ్మ కనిపిస్తోంది. పసుపుచీర, నెత్తి మీద కుండ. మెట్లకి పక్కనే పెద్ద తెర. పట్నాయక్ గారు మైకు పట్టుకుని వరసలు సర్దుతున్నారు. వాలంటీర్లు కొందరు ముందే తిన్నెల మీదకి ఎక్కి నీళ్లు పెడుతున్నారు.

అప్పుడు బూర మోగింది.

వెంటనే టీ కొట్టు కెమెరా చూశాను. గ్లాసుల్లో టీ కదలడం లేదు. బస్టాండులో కుక్క తలెత్తి బూర వైపు చూసి మళ్లీ పడుకుంది. ఎక్కడా కంపం లేదు. ఊరు మాత్రం పరిగెడుతోంది. ఎనిమిది కెమెరాల్లో, శబ్దం లేకుండా, పిల్లల్ని చంకనేసుకుని, అందరూ ఒకే వైపు.

"పెట్టెయ్" అంది షకీలా.

కూడళ్లలోని తెరలన్నిటి మీదా కాకుల కెమెరా పెట్టాను. దీపస్తంభానికి బిగించి, వెయ్యింతలు పెంచి. కింద రాయడానికి నాకు రెండు మాటలే దొరికాయి: కంపం లేదు. తర్వాత ఇంకో రెండు చేర్చాను: దిబ్బకు పదండి.

అమ్మకి ఫోన్ చేశాను. కెమెరాలో చూస్తున్నాను, ఒక చేత్తో కుండ పట్టుకుని రెండో చేత్తో ఎత్తింది.

"బూర మోగతంది! నువ్వు బేగి రాయే!"

"అమ్మా, కాళ్ల కింద చూడు. నేల ఊగుతోందా?"

ఊపిరి వినిపించింది. వెనక జనం కేకలు. "...నేదు."

"తెర చూడు."

జనం తనని రాసుకుంటూ మెట్లెక్కుతున్నారు. అమ్మ తెర వైపు తిరిగింది. తెర మీద పెద్దన్న వంగాడు. మళ్లీ మొదటికి వచ్చి మళ్లీ వంగాడు. అమ్మ ముఖం నాకు కనిపించలేదు, వీపు కనిపిస్తోంది. ఎక్కుతున్నవాళ్లలో కొందరు అది చూసి ఆగారు. వెనకవాళ్లు వాళ్లని తోశారు.

"ఒలే రత్తాలు." అమ్మ గొంతు చిన్నదైపోయింది. "ఈడు అల్లప్పుడు కూడా ఇలాగే ఉన్నాడేటి? మనం ఎక్కినప్పుడు?"

"తెలీదమ్మా."

ఫోన్ పెట్టేసింది.

తర్వాతది నేను చెప్పింది కాదు. నాకు తట్టనిది. అమ్మ జనాన్ని మోచేతులతో తోసుకుంటూ మొదటి మెట్టు దగ్గరికి వెళ్లింది. కుండ దించింది. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడుస్తూ, మొదటి మెట్టుకి అడ్డంగా సున్నం పోసింది. పెద్దన్న నోట్లో పోయవలసిన సున్నం. పడిపోయే ఇంటి గుమ్మానికి పోసినట్టు, తిన్నగా, తొందర లేకుండా, గీత.

పరిగెత్తుకుంటూ వచ్చిన ముందు వరస ఆగిపోయింది. వెనకవాళ్లు వచ్చి వాళ్లకి కొట్టుకున్నారు, కాని గీత మీద ఒక్క కాలు పడలేదు. ఒకావిడ పడబోయి పక్కకి పడింది కాని ముందుకి పడలేదు. బూర ఇంకా మోగుతూనే ఉంది.

పట్నాయక్ గారు మైకు వదిలేసి అమ్మ మీదకి వచ్చారు. ఆయన నోరు కదులుతోంది. ఒక కాలు ఎత్తారు. గీతను చూశారు. ఆ కాలు గాల్లో ఎంతసేపు ఉందో నేను చెప్పలేను. తర్వాత దాన్ని వెనక్కే దించారు. మైకు వెతుక్కుని తీసుకుని, తలెత్తి, తిన్నెల మీద ఉన్నవాళ్లని దిగమని రెండు చేతులూ ఊపడం మొదలుపెట్టారు.

దిబ్బ వైపు జనం కదలడం కెమెరా నుంచి కెమెరాకి చూసుకుంటూ వచ్చాను. అమ్మ చివరిదాకా గీత దగ్గరే నిలబడింది. పైనుంచి దిగినవాళ్లని మాత్రం చెయ్యి పట్టుకుని ఇవతలికి దాటించింది. ఆఖరికి పట్నాయక్ గారే అమ్మని లాక్కెళ్లారు.

పెద్దన్న మిట్టమధ్యాహ్నం పడ్డాడు.

అది మా తెరల మీద ఎలా కనిపించిందో రాయడం నా పని. మా లెక్కలన్నీ అప్పటికీ ఆయనకే బిగించి ఉన్నాయి. అందువల్ల మా తెరల మీద పెద్దన్న కదల్లేదు. తెల్లటి గుర్తు బొమ్మ నడిమధ్య నిశ్చలంగా నిలబడి ఉంది. ఊరే లేచింది. మేడలు, స్తంభాలు, బస్టాండు షెడ్డు, టీ కొట్టు, అన్నీ ఒక్కసారిగా నేలతో సహా పైకి లేచి, తెర పై అంచు దాటి ఆకాశంలోకి వెళ్లిపోయాయి. గుర్తు ఒక్కటే మిగిలింది. చుట్టూ ఏమీ లేదు. తర్వాత గుర్తు కూడా రెండుగా, నాలుగుగా విడిపోయింది. ఏ ముక్కను పట్టుకోవాలో తెలియక యంత్రం తెరలు నల్లగా చేసేసింది.

అప్పుడు మా కిటికీ అద్దాలు అదిరాయి.

మెట్లు, కొబ్బరికాయల కొట్టు, కింది వరస ఇళ్లు లేవు. పైకి ముందే ఎక్కిన వాలంటీర్లలో ముగ్గురు ఇంకా దొరకలేదు. వాళ్ల పేర్లు విడిగా రాసి పంపాను. మిగతా ఊరు ఎండుచేపల మధ్య కూర్చుని ఉంది.

నమోదు 9
కదలని గుర్తు:

పైన ఖాళీగా వదిలితే యంత్రం తెరుచుకోవడం లేదు. ఏదో ఒక పేరు కావాలి. రాత్రి నుంచి సన్నటి కంపాలు వస్తున్నాయి, మేడల్ని చూడాలి.

పట్నాయక్ గారు నా కుర్చీ వెనక నిలబడ్డారు. ఆయన చెప్పుల మీద సున్నం ఇంకా ఉంది. "దీపస్తంభం అని రాయమ్మా" అన్నారు. "సంఘం ఒప్పుకుంది. దిద్దుబాటు నియమం కొట్టేశారు."

దిబ్బ మీద పడుకున్నవాళ్లంతా పొద్దున్నే లేచి, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ పడమటికి తిరిగారట. అక్కడ ఆకాశం ఉందట. కొందరు పిల్లలు ఏడ్చారట. మధ్యాహ్నానికల్లా జనం సముద్రం వైపు తిరిగి, దీపస్తంభానికి దణ్ణం పెట్టడం మొదలుపెట్టారని షకీలా చెప్పింది. దానికి సున్నం వెయ్యాలని అప్పుడే చందాలు కూడా ఎత్తుతున్నారట.

అమ్మ నాకు అన్నం పట్టుకొచ్చింది. మొదటిసారి లోపలికి వచ్చి, నా పక్కన కూర్చుంది. గిన్నె మూత తీస్తూ తెర మీది ఖాళీని చూసింది.

"అక్కడేటి రాత్తావు?"

"కదలని దాని పేరు."

"దేని పేరు రాత్తన్నావు?"

"దీపస్తంభం."

అమ్మ సముద్రం వైపు కిటికీలోంచి చాలాసేపు చూసింది. ఆమె చేతి వేళ్ల మధ్య సున్నానికి చర్మం పగిలి ఉంది. తర్వాత అన్నం కలిపి గిన్నె నా వైపు జరిపింది.

"అది కదల్దని నీకెవలు సెప్పేరే?"

కదలని గుర్తు: దీపస్తంభం, ఇవాళ్టికి. రేపు పొద్దున దీన్ని కూడా కొలవాలి.